ఫ్రిజిల్డ్‌ను మూస్తే సరిపోదు
వింట్ అనే సంకేత ప్రొటీన్‌ను కణం పొర మీద అందుకునే ఫ్రిజిల్డ్ గ్రాహకాన్ని అడ్డుకుంటే పెద్దపేగు క్యాన్సర్లన్నీ లొంగుతాయని ఒక వ్యాసం అన్న మాట సరికాదు. ఈ క్యాన్సర్లలో ఎక్కువ శాతం చెడేది ఏపీసీ జన్యువు. దాని ప్రొటీన్ పనిచేసేది గ్రాహకానికి దిగువన, కణం లోపల, విభజనకు ఉసిగొల్పే బీటా కెటెనిన్ అనే ప్రొటీన్‌ను నాశనానికి పంపే యంత్రాంగంలో. అది పోయాక పైన వింట్ వచ్చి అతుక్కున్నా లేకున్నా బీటా కెటెనిన్ పోగవుతూనే ఉంటుంది. దొంగ ఇంట్లో ఉండగా వీధి తలుపుకు తాళం వేస్తే ఏం లాభం? పై స్థాయిలో కొట్టే మందుకు అర్థమున్నది ఆర్‌ఎన్‌ఎఫ్43 అనే జన్యువు చెడిన కణితుల్లో. మామూలుగా ఆ జన్యువు ప్రొటీన్ ఫ్రిజిల్డ్‌కు యుబిక్విటిన్ అనే తొలగింపు గుర్తు తగిలించి, పొర మీద నుంచి లోపలికి లాగించేస్తుంది. అది లేకపోతే గ్రాహకాలు పొర మీద కిక్కిరిసి, కొద్దిపాటి వింట్‌కే రెచ్చిపోతాయి. అక్కడ, వింట్‌కు కొవ్వు ఆమ్లం తగిలించే పోర్కుపైన్ అనే ఎంజైమ్‌ను ఆపే నిరోధకం పనికొస్తుంది: కొవ్వు ఆమ్లం తగలని వింట్ కణం దాటి బయటికి రాలేదు. కాబట్టి ముందు కణితి జన్యు పరీక్ష, తర్వాతే మందు మాట. ఎముకల సంగతి వ్యాసం అసలు ఎత్తనే లేదు. ఎముక కట్టే కణాలకూ ఇదే వింట్ సంకేత దారి కావాలి. ఫ్రిజిల్డ్‌తో కలిసి వింట్‌ను అందుకునే ఎల్‌ఆర్‌పీ5 అనే గ్రాహకపు జన్యువు రెండు ప్రతులూ చెడిన పిల్లల్లో ఎముకలు గుల్లబారతాయి, చూపూ పోతుంది. అదే గ్రాహకంలో 171వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలిన్ వస్తే, ఈ దారిని అణిచే స్క్లెరోస్టిన్, డీకేకే1 ప్రొటీన్ల బ్రేకులు సరిగా పడక ఎముక అతిగా దట్టమవుతుంది. మనిషిలోని 10 ఫ్రిజిల్డ్‌లలో 5 రకాలకు అతుక్కుని అడ్డుకునే వాంటిక్టుమాబ్ అనే మందు ప్రయోగాల్లో కొందరికి ఎముకలు విరగడంలో వింతేమీ లేదు.