ఇరవై నిమిషాల శుక్రవారం

తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగిన ఒక పెద్దావిడను ఆసుపత్రి నుంచి తీసుకువచ్చిన అంబులెన్సు, టెక్సస్‌లోని ఒక నర్సింగ్ కేంద్రం ముందు ఆగేసరికి శుక్రవారం రాత్రి 11 గంటల 40 నిమిషాలయింది. డ్యూటీ నర్సు ఆవిడను మంచం మీదికి చేర్చి, దుప్పటి కప్పి, మందుల జాబితా సరిచూసి, తీరిగ్గా కంప్యూటరు ముందు కూర్చునే వేళకు తారీఖు మారిపోయింది. తెర మీద ఏ తేదీ కనిపించిందో ఆమె ఆ తేదీనే చేరిన తేదీగా రాసింది.

అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే ఆరోగ్య బీమా పేరు మెడికేర్. అందులో ఆసుపత్రి, నర్సింగ్ కేంద్రాల ఖర్చు భరించే పార్ట్ ఏ కింద కేంద్రానికి డబ్బు రావాలంటే, రోగి పరిస్థితిని అంచనా కట్టి ఎండీఎస్ అనే సుదీర్ఘమైన ఫారం నింపాలి. ఆ అంచనాకు ప్రమాణంగా పెట్టుకున్న తేదీని ఏఆర్‌డీ అంటారు. మన పెళ్ళి ముహూర్తమైనా పది నిమిషాలు అటూ ఇటూ జరుగుతుందేమో గాని ఇది జరగదు. 2019 అక్టోబరు 1న పీడీపీఎం అనే కొత్త చెల్లింపు పద్ధతి వచ్చాక 14, 30, 60, 90 రోజుల అంచనాలు రద్దయి, చెల్లింపును నిర్ణయించే తప్పనిసరి అంచనా మొదటిది ఒక్కటే మిగిలింది. దాని పేరు అయిదు రోజుల అంచనా, వెసులుబాటు కలుపుకొని ఏఆర్‌డీ పడాల్సిన గడువు ఎనిమిది రోజులు.

ఈ ఫారాల పని చూసే కోఆర్డినేటరు, నర్సు రాసిన శనివారం నుంచి వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మరుసటి శనివారాన్ని ఎనిమిదో రోజుగా తేల్చి, ఏఆర్‌డీగా ఖాయం చేసింది. మెడికేర్ మాత్రం అర్ధరాత్రి పడకల మీద ఎవరెవరున్నారో చూసి రోజును లెక్కిస్తుంది గనుక, ఆ ఇరవై నిమిషాలకే శుక్రవారం మొదటి రోజయి కూర్చుంది. శనివారం తొమ్మిదోదయింది.

ఈలోగా పెద్దావిడ జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టారు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఈ రోజు ఏ వారం అని అడిగారు. సాక్, బ్లూ, బెడ్ అనే మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమన్నారు. ఆవిడ అన్నీ తడుముకోకుండా చెప్పి 15కు 15 తెచ్చుకుంది. పైగా, తాను శుక్రవారం రాత్రి వచ్చాననీ, అప్పటికే వంటగది మూసేశారనీ, ఒక్క బిస్కెట్టయినా పెట్టలేదనీ అడగకుండానే చెప్పింది. కోఆర్డినేటరు జాలిగా నవ్వి, ఆ నూటికి నూరు మార్కులను వేసి, ఆ మాటను వదిలేసింది.

నెలాఖరున క్లెయిము పంపే ముందు జరిగే ట్రిపుల్ చెక్ అనే తుది తనిఖీలో, ఆ క్లెయిములు చూస్తూ హైదరాబాదులో రాత్రి షిఫ్టు చేసే మా కుర్రవాడొకడు అంబులెన్సు చీటీ మీది 11:40ని పట్టుకున్నాడు. ఆ క్షణాన హైదరాబాదులో శనివారం ఉదయం పది దాటింది కాబట్టి నర్సు రాసిందే ఒప్పని ఇంకొకడు వాదించాడు గాని, మెడికేర్‌కు మన గడియారంతో పనిలేదు. అటు కేంద్రం మేనేజరు, ఏఆర్‌డీని ఒక్క రోజు వెనక్కి జరిపితే ఎవరి సొమ్ము పోతుందని అమాయకంగా అడిగాడు. గడువు దాటాక అలా జరపడం కుదరదని చెప్పేసరికి ఫోనులో చాలాసేపు నిశ్శబ్దం.

ఒక రోజు ఆలస్యానికి ఒక రోజు డిఫాల్ట్ రేటు, అంటే అన్నిటికంటే తక్కువ రేటు. దాని కోడు అయిదు జెడ్‌లు. అక్షరాలలో అంతకంటే కిందికి దిగడానికి చోటు లేదు. ఆ కోత పడేది తప్పు జరిగిన తొమ్మిదో రోజు మీద కాదు, మొదటి రోజు మీద. మందులూ ఇతర వైద్య ఖర్చుల భాగాన్ని మొదటి మూడు రోజులూ మూడింతలు చేసి ఇస్తారు గనుక, కోత పడింది ఖరీదైన రోజు మీదే. అంటే కేంద్రం లెక్కలో లేకుండా పోయిన శుక్రవారం దొరికింది గాని, అతి తక్కువ ధరకు దొరికింది.

పెద్దావిడ ఇంటికి వెళ్ళే రోజున మూడు పూటలా అక్కడే భోంచేసి, వ్యాయామం చేసి, రాత్రి తొమ్మిదింటికి కూతురి కారెక్కింది. వెళ్ళే రోజు లెక్కలోకి రాదు గనుక ఆ రోజుకు మెడికేర్ ఇచ్చింది సున్నా. ఇరవై నిమిషాలున్నది పూర్తి రోజెలా అయిందో, పొద్దుటినుంచి రాత్రిదాకా ఉన్నది రోజెందుకు కాలేదో మేనేజరు మళ్ళీ ఫోను చేసి అడుగుతూనే ఉన్నాడు.