శాంతమూర్తికి ఆకలెక్కువ

మనుషులు జీతం తగ్గించి చెబుతారు, మైలేజీ పెంచి చెబుతారు. ఈ రెండు అబద్ధాల మీదే సమాజంలో మన పరువు నిలబడి ఉంది. అందుకే లీటరుకు 17 ఇచ్చే మా కారు 14కి దిగిందని ఒప్పుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. డాష్‌బోర్డు చూపే సగటును నమ్మక, ట్యాంకు ఆటోకట్ అయ్యేదాకా నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ నింపినప్పుడు కిలోమీటర్లను లీటర్లతో భాగించాను. ఒకసారి కాదు, మూడుసార్లు. లెక్క తప్పయి ఉంటుందని ఆశ. మూడుసార్లూ 14. బయట మాత్రం 18 అనే చెప్పాను.

ఇంట్లో దాచలేకపోయాను. "బండి తాగుతోందా, మీరు తాగుతున్నారా?" అని మా ఆవిడ నిలదీసింది. వెంటనే నా అధ్యక్షతన, నేనొక్కణ్నే సభ్యుడిగా విచారణ సంఘం వేశాను.

తొలి సమావేశంలోనే దోషి దొరికాడు: బంకువాడు. బంకు మార్చాను. మైలేజీ మారలేదు. అంటే రెండోవాడూ దొంగే. మూడోవాడి దగ్గరా అదే 14 వచ్చేసరికి లోకంలో నిజాయితీ ఇంత కరువైపోయిందా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒకాయన టైర్లలో నైట్రోజన్ కొట్టించమన్నాడు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనేనని బడిలో చదివినట్టు గుర్తే. కుట్ర మిగతా 22 శాతంలో ఉందేమోనని కొట్టించాను. గేజి పెట్టిన కుర్రాడు నా ముఖం చూశాడు. డోరు పక్క స్టిక్కరు మీద 33 అని ఉంటే నా టైర్లలో 24, 25 ఉంది. గాలి తగ్గిన టైరు నేలను అతుక్కుని బండిని వెనక్కి లాగుతుందట. గాలి సరిచేశాక మైలేజీ అర పెరిగింది. పేరంతా నైట్రోజన్ కొట్టేసింది.

ఇంకొకాయన పెట్రోలు గొట్టానికి అయస్కాంతం బిగించమన్నాడు. అణువులు వరసలో నిలబడి బుద్ధిగా కాలిపోతాయట. మనుషులే వరసలో నిలబడని లోకంలో ఆ మాట నమ్మి బిగించాను. ఆ అయస్కాంతం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు పట్టుకుని ఉంది. ఆ పని బాగా చేస్తోంది.

ఎయిర్ ఫిల్టరూ మార్చాను. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో కంప్యూటరు వచ్చే గాలిని బట్టే పెట్రోలు పోస్తుందని, ఫిల్టరు మురికైతే పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా మారదని తర్వాత తెలిసింది. అది కార్బురేటర్ల కాలం నాటి సలహా. కార్లకున్న సర్వీసింగ్ సలహాలకు లేదు.

డ్రైవరును కూడా విచారించాలని మా ఆవిడ పట్టుబట్టింది. డ్రైవరూ అధ్యక్షుడూ ఒకరే కావడంతో తీర్మానం వీగిపోయింది.

ఇన్ని కష్టాల్లోనూ నన్ను నిలబెట్టింది మా కారు చల్లదనం. ఎంత దూరం పోయినా టెంపరేచర్ ముల్లు కిందనే పడుకుని ఉండేది. ఇతరుల బండ్లలో అది సగానికి ఎక్కి కూర్చుంటే జాలిపడేవాణ్ని. చలిలో హీటరు వేసినా గోరువెచ్చని గాలి కూడా రాదు, అంత శాంతమూర్తి! డాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజను బొమ్మ ఒకటి వెలుగుతుండేది. అందంగానే ఉంది కదా అని వదిలేశాను.

చివరికి మెకానిక్ దగ్గరికి వెళ్తే రాత్రికి బండి వదిలి వెళ్లమన్నాడు. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, రేడియేటరు పై గొట్టం మీద చెయ్యేసి, నాడి చూసే వైద్యుడిలా నిలబడ్డాడు. నన్నూ వెయ్యమన్నాడు. రెండు నిమిషాలకే గొట్టం వెచ్చబడసాగింది.

"ఇప్పుడే వేడి రాకూడదు సార్. ఇంజను 80, 90 డిగ్రీలకు చేరేదాకా ఇది చల్లగా ఉండి, అప్పుడు గబుక్కున కాలాలి. లోపల నీళ్లను రేడియేటరులోకి వదిలే తలుపు, అదే థర్మోస్టాట్, తెరుచుకుని ఇరుక్కుపోయింది."

స్కానరు పెడితే పి0128 అని లోపం కోడ్ వచ్చింది, ఇంజను తగినంత వేడెక్కడం లేదని దానర్థం. పసుపు బొమ్మ మూడు నెలలుగా మొత్తుకుంటున్నది అదేనట. థర్మోస్టాట్ మూసుకోకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటరులోకి పోతుంటాయి, ఇంజను వేడెక్కదు. పాపం ఇప్పుడే లేచిందనుకుని కంప్యూటరు అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. గంట ప్రయాణం తర్వాత కూడా దాని లెక్కలో మా శాంతమూర్తి ఇంకా పక్క మీదే ఉంది.

థర్మోస్టాట్ మార్చాక 16 వస్తోంది. మిగిలిన ఒకటి ఏమైందని అడిగితే మెకానిక్ నా కుడికాలి చెప్పు వైపు చూసి ఊరుకున్నాడు.

ఇప్పుడు ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడుతోంది. చూసినప్పుడల్లా నా గుండె గుభేలుమంటోంది. మొన్న పక్కింటాయన్ని ఎక్కించుకుంటే ఆయన కళ్లూ దాని మీదే పడ్డాయి.

"అయ్యో, మీ బండి వేడెక్కుతున్నట్టుందండీ. మాది చూడాలి మీరు, ముల్లు కదిలితే ఒట్టు!"

వెళ్లి చూశాను. నిజమే, కదల్లేదు. మనస్ఫూర్తిగా అభినందించి, మైలేజీ ఎంతొస్తోందని అడిగాను.

"18" అన్నాడు.