ప్రేమించండి, కానీ తిరిగొచ్చేంత వరకే

విదేశంలో ఉన్న ప్రియుణ్ణో ప్రియురాలినో చూసొద్దామని టూరిస్ట్ వీసాకి అప్లై చేసేవాళ్ళు కాన్సులేట్లని తెగ ఆడిపోసుకుంటుంటారు. వాళ్ళకి మనసు లేదట, మనుషుల మీద నమ్మకం లేదట. ఇది చాలా అన్యాయమైన అభాండం. ప్రేమని ఇంత శ్రద్ధగా తూకం వేసే వ్యవస్థ భూమ్మీద ఇంకొకటి లేదు. కొలవడం మావల్ల కాదని కవులు ఎప్పుడో చేతులెత్తేసిన పదార్థాన్ని, గాజు కిటికీ అవతల కూర్చున్న అధికారి రెండు మూడు నిమిషాల్లో కొలిచి, తర్వాతి నంబరు పిలుస్తున్నారు. మనం ఆయన్ని గౌరవించడం నేర్చుకోవాలి.

ఆయన చూసే కొలత తేలికైనదే. విమానం ఎక్కడానికి సరిపడా ప్రేమ ఉండాలి. తిరుగు విమానం ఎక్కలేనంత ఉండకూడదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నటి సందులో నిలబడగలిగినవాళ్ళకే వీసా.

జలపాతం చూడ్డానికి వెళ్తున్నానంటే అధికారికి ఏ బెంగా ఉండదు. జలపాతాన్ని పెళ్ళాడి అక్కడే కాపురం పెట్టినవాడు ఇంతవరకూ లేడు. మనిషిని చూడ్డానికి వెళ్తున్నాననగానే ఆయన కుర్చీలో కాస్త ముందుకి జరుగుతారు. జరగాలి కూడా. అమెరికా వాళ్ళ 1952 నాటి వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. టూరిస్టుగా వస్తానన్న మనిషి అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడని అధికారి ముందే అనుకోవాలి. కాదని ఒప్పించే భారం అడిగినవాళ్ళది. దొంగతనం కేసులో ముద్దాయిని సైతం రుజువయ్యేదాకా నిర్దోషి అంటారు. దొంగిలించింది మనసైతే ఆ సౌకర్యం వర్తించదు. ఈ సెక్షన్ కింద కాదన్నారంటే అప్పీలు లేదు, కట్టిన ఫీజు వెనక్కి రాదు, మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ వరుసలో నిలబడొచ్చు. విరహాన్ని వాయిదాల పద్ధతిలో అందించడమంటే ఇదే.

అదే దేశపు వీసా దరఖాస్తు, డీఎస్-160 అనే ఫారం చూడండి, ఎంత లోతుగా ఆలోచించారో. అమెరికాలో మీకు దగ్గరి బంధువులున్నారా అని అడుగుతుంది. ఆ లెక్కలోకి భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులతో పాటు నిశ్చితార్థమైన కాబోయే భర్త, కాబోయే భార్య కూడా వస్తారు. వట్టి ప్రేమికులు రారు. అంటే ఉంగరం తొడిగేదాకా మీ ప్రేమ ఆ ప్రశ్నకి కనిపించదు. తొడిగిన క్షణం నుంచి కనిపిస్తుంది, అదీ మీకు ఎదురు సాక్ష్యంగా.

ఇక్కడే సలహాదారులు దిగుతారు. "ఫ్రెండ్ అని చెప్పేయ్, ఏం కాదు" అంటారు. ఏం కాదో చూద్దాం. దరఖాస్తులో మోసం చేశారని తేలితే బ్రిటన్ పదేళ్ళ పాటు దరఖాస్తులు తిరస్కరించగలదు. అమెరికాలో ఆ తలుపు ఇంచుమించు జీవితాంతం మూసేస్తారు. పైగా గత 5 ఏళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచి ఆ ఫారంలోనే రాయిస్తున్నారు. ఫ్రెండ్ భుజం మీద తల వాల్చి దిగిన ఫోటోలు మీకంటే ముందే అక్కడికి చేరి కూర్చుంటాయి. కాబట్టి నిజం చెప్తే అనుమానం, అబద్ధం చెప్తే నిషేధం. దీన్ని ఇరకాటం అనేవాళ్ళకి పరిపాలన అర్థం కాలేదన్నమాట.

యూరప్ వాళ్ళు ఇంకా దూరం చూశారు. అక్కడి చాలా దేశాలకి ఒక్కటే పనికొచ్చే షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. జబ్బు చేస్తే వెనక్కి పంపడానికయ్యే ఖర్చుతో పాటు మరణమైతే అయ్యే ఖర్చుకీ అది సరిపోవాలి. "చచ్చినా అక్కడ ఉండిపోను" అని మనం నోటిమాటగా అంటాం, వాళ్ళు దాన్ని పాలసీ నంబరుతో సహా అడుగుతారు. అయినా సరే గడువులోగా వెళ్ళిపోతారన్న నమ్మకం కుదరకపోతే, అచ్చేసిన తిరస్కరణ ఫారంలో ఆ గడి దగ్గర టిక్ పెట్టి చేతికిస్తారు.

ఖర్చులు నావి అని అవతలి మనిషి ముందుకొస్తే జర్మనీలో ఆ మాటకొక అధికారిక పత్రం ఉంది. వచ్చినవాళ్ళ తిండి, బస, వైద్యం ఖర్చులు భరిస్తానని, ఒకవేళ బలవంతంగా వెనక్కి పంపాల్సి వస్తే ఆ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటానని ఆఫీసుకెళ్ళి సంతకం చేయాలి. నా దృష్టిలో ఈ శతాబ్దపు గొప్ప ప్రేమలేఖ ఇదే. చందమామని తెచ్చిస్తాననడానికి డబ్బులు అక్కర్లేదు. నిన్ను దేశం నుంచి గెంటేస్తే ఆ చార్జీలు నావి అని జీతం పత్రాలు జతచేసి రాసిచ్చేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు?

అయితే కిరీటం మాత్రం బ్రిటన్‌కే పెట్టాలి. మామూలు విజిటర్ వీసా మీద వెళ్ళి అక్కడ పెళ్ళి చేసుకోకూడదు. దానికి మ్యారేజ్ విజిటర్ వీసా అని వేరే ఉంది. 6 నెలల గడువు. వెళ్ళొచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, తర్వాత వచ్చేయాలి. అక్కడే కాపురం ఉండే ఉద్దేశం ఉంటే ఈ వీసా మీది కాదు. తాళి కట్టిన చేత్తోనే పెట్టె సర్దుకోగలిగిన నిగ్రహవంతుల కోసం ఒక ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక విభాగమే నడుపుతోందంటే, ప్రేమని వాళ్ళు పట్టించుకోవట్లేదని ఎలా అనగలం?

పోనీ అమెరికన్‌నే పెళ్ళాడదాం, కాబోయే భార్యాభర్తల కోసం కె-1 వీసా ఉందిగా అంటారు. ఉంది. ఆ వీసా కోసం పిటిషన్ వేయడానికి ముందు 2 ఏళ్ళలో ఇద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలిసి ఉండాలి, మినహాయింపులు బహు కొద్ది. కలవడానికి టూరిస్ట్ వీసా కావాలి. టూరిస్ట్ వీసా రావాలంటే పెళ్ళాడి అక్కడే ఉండిపోయే ఆలోచన లేదని ఒప్పించాలి. అవతలి మనిషికి సెలవు దొరికి ఇటు రాగలిగితే సరే సరి, లేకపోతే ఈ గుండ్రటి దారిలో ఎన్ని చుట్లు తిరిగినా ఎవరూ కాదనరు.

ఫోటో సంగతి చెప్పనే లేదు. అందులో నవ్వకూడదు. ఫారం నింపేసరికి ఆ నియమం దానంతటదే అమలవుతుంది.

2020లో కోవిడ్‌కి సరిహద్దులు మూసినప్పుడు, పెళ్ళికాని జంటలు "లవ్ ఈజ్ నాట్ టూరిజం" అంటూ ఉద్యమం లేవదీశారు. ప్రభుత్వాలు కొన్ని తలొగ్గాయి. మేం జంటే అని ఇద్దరూ సంతకం చేసిన కాగితం, ఇదివరకు కలుసుకున్నట్టు రుజువు చూపిస్తే జర్మనీ రానిచ్చింది. కావాలనుకుంటే ప్రేమని నమ్మడం సాధ్యమేనని ఆ కొన్ని నెలలు ఇబ్బందికరంగా బయటపడిపోయింది. తర్వాత రోగం సద్దుమణిగింది, ప్రేమ మళ్ళీ టూరిజం అయింది.

ఇప్పుడు మనవంతుగా వ్యవస్థకి సహకరించాలి. జీతం పత్రాలు, ఇంటి లోను, ఆఫీసు సెలవు లేఖ లాంటివి అడ్డదారులు. మనిషి బ్యాంకుకి బాకీ ఉన్నాడు కాబట్టి తిరిగొస్తాడు అన్నది మంచి తర్కమే కానీ అసలు పదార్థాన్ని ముట్టుకోదు. నేను ప్రతిపాదించేది మితప్రేమ ధ్రువపత్రం. జంట ఇటీవల పోట్లాడుకున్న తేదీలు, కారణాలు అందులో ఉండాలి. అవతలి మనిషి గురక మీద ఇవతలి మనిషి అఫిడవిట్ ఇవ్వాలి. వీడియో కాల్‌లో "ఇంక పెట్టేస్తా" అన్నాక నిజంగానే పెట్టేసిన సందర్భాలు జతచేయాలి. ఒకరి ఊళ్ళో వాతావరణం ఇంకొకరికి పడదని ఎవరైనా డాక్టరు రాసిస్తే అదనపు మార్కులు.

ధ్రువపత్రం చెల్లుబాటు 6 నెలలు. ఈలోగా ప్రేమ ముదిరితే, దరఖాస్తుదారు ఆ విషయాన్ని 7 రోజుల్లోగా లిఖితపూర్వకంగా కాన్సులేట్‌కి తెలియజేసి, పాస్‌పోర్టు తీసుకుని స్వయంగా హాజరవ్వాలి.