వెనక టైర్ల వారి సముఖమునకు

మహారాజశ్రీ వెనక టైర్ల గార్లకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. ఇవాళ మీ లోపలి అంచు చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను వెళ్ళింది పంక్చరు కోసం. పది నిమిషాల పనన్నారు. బండి పైకి లేపాక కుర్రాడు చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి చటుక్కున లాక్కున్నాడు. వేలి మీద ఎర్రటి గీత. "టైరు లోపలి ఉక్కు వైర్లు తేలాయి సార్" అన్నాడు. నేను నమ్మలేదు. ఎలా నమ్మను? గాలి కొట్టించిన ప్రతిసారీ వంగి మీ ముఖం చూస్తూనే ఉన్నానాయె. బయటివైపు గాళ్ళలో గోరు దిగుతోంది. ఇక మార్చాలని చెప్పే 1.6 మిల్లీమీటర్ల అరుగుదల గుర్తు ఎక్కడో అడుగున ఉంది. పైన పటారం, లోన లొటారం! తిరిగింది 9,000 కిలోమీటర్లు కూడా లేదు.

క్యాంబర్ అనే చక్రాల వంపు సంగతి నాకూ తెలుసు. మలుపుల్లో నిలదొక్కుకోవాలని మీ తలలు లోపలికి వంచి బిగించారు. తిన్నటి రోడ్డు మీద ఆ బరువు లోపలి అంచు మీదే పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే బండి వెనక్కి కూలబడి వంపు ఇంకాస్త పెరుగుతుంది. అదొక్కటే అయితే మెల్లగానే అరిగేవారు. టో, అంటే చక్రాలు ముందుకి చూసే దిశ, అది కూడా తప్పింది. అలైన్‌మెంట్ తెర మీద మీ రెండు గళ్ళూ ఎర్రగా ఉన్నాయి. అంటే ఇన్నాళ్ళూ మీరు తిన్నగా దొర్లడం లేదు, పక్కకి ఈడ్చుకుంటూ నడుస్తున్నారు, ఆకురాయి మీద పెట్టినట్టు.

ఒక్క చప్పుడు చేయొచ్చు కదా? బ్రేక్ ప్యాడ్లు నయం, అరిగితే కీచుమని ఊరంతా వినేట్టు అరుస్తాయి.

ముందు టైర్లకి ఇంకా 6 మిల్లీమీటర్లుంది. చోటు మార్చుకోండంటే, మీరు వెడల్పు, వాళ్ళు సన్నం, కుదరదట. కుడిఎడమలు మారుద్దామంటే ఒంటి మీద ఒకవైపే తిరగాలనే బాణం గుర్తు. రిమ్ము నుంచి విప్పి అటుది ఇటు ఎక్కిస్తే లోపలి అంచు బయటికొచ్చేదట. వైర్లు తేలాక చెప్పారు ఈ తెలివి. ఇక పక్కన ముద్రించుకున్న ఆ ట్రెడ్‌వేర్ 300! పరీక్షలో 100 అంకె టైరు కన్నా మూడింతలు మన్నుతారని కదా దానర్థం? మార్కులు వేసుకున్నది మీ కంపెనీ వాళ్ళేనని తర్వాత తెలిసింది.

నిన్న రాత్రి వాన. వెనక సీట్లో పిల్ల నిద్రపోతోంది. లారీని దాటడానికి గట్టిగా తొక్కాను. దేని మీద తొక్కాన్రా నేను? ఆ వైర్ల మీద! ఏ క్షణాన పేలేవాళ్ళో మీకే తెలియదు. దొంగల్లారా, ఏం పోయేకాలం మీకు?

అయినా ఖాళీ రోడ్డు మీద, రెండో గేరులో, మలుపు చివర కాలు దింపినప్పుడు ఒక్క వెంట్రుకవాసి జారి మళ్ళీ పట్టుకుంటారే, అది గుర్తొస్తే తిట్టు గొంతులోనే ఆగిపోతుంది. ఆ కాలు నాదేనని మా ఆవిడ ఇప్పటికే రెండుసార్లు గుర్తు చేసింది.

మీ బదులు వచ్చేవాళ్ళకి ఆర్డరిచ్చేశాను. అదే సైజు, అదే మెత్తటి రబ్బరు. దాంతోపాటు ఒక టార్చి, బండి కింద పడుకోవడానికి ఒక చాప.

ఇట్లు,
ఇంకా మీ మీదే తిరుగుతున్నవాడు