నడవని బండి, నెత్తిన అరిటాకులు

నిన్న మావయ్య సంవత్సరీకం. పంతులు గారు పదకొండింటికల్లా ఇంకో ఇంట్లో ఉండాలన్నారు. అరిటాకులు తేవడం ఎదుటివాళ్ళ పని అని ఇంట్లో అందరూ అనుకున్నాం. పెరుగు తోడుకోలేదు. "మీ మావయ్య స్కూటర్ మీద వెళ్ళి పట్రారా, ఆయన కూడా సంతోషిస్తారు" అంది అత్తయ్య. మావయ్య సంతోషించాడో లేదో తెలీదు గానీ, ఊళ్ళో చాలామంది సంతోషించారు.

అది బజాజ్ చేతక్, 1989లో కొన్నది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు కాబట్టి దానికి ఆ పొగరు ఉంటుందని మావయ్య అనేవాడు. సంక్రాంతి సెలవుల్లో మమ్మల్ని దాని మీదే సూర్యలంక సముద్రానికి తీసుకెళ్ళేవాడు. ముందు ఇద్దరం నిలబడి, వెనక సీట్లో ముగ్గురు ఇరుక్కుని, స్టెప్నీ మీద ఒకడు. స్టార్ట్ కాకపోతే అందరినీ దింపి బండిని పక్కకి వంచేవాడు. వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టేవాడు. కిక్కుకొక "గోవిందా!" అని మేం అరవాలి. అరవకపోతే బండికి కోపం వస్తుందట. నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా అది ఇంజనులో ఒక భాగమనే నమ్మాను.

బండి ఇంకా మావయ్య పేరు మీదే ఉంది. యజమాని పోతే ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. అత్తయ్య డెత్ సర్టిఫికెట్ పట్టుకుని మూడుసార్లు తిరిగింది. మూడోసారి కౌంటర్లో కుర్రాడు కాగితాలన్నీ తిరగేసి, "అన్నీ ఉన్నాయమ్మా, ఓనర్ గారి సంతకం ఒక్కటే తక్కువ" అన్నాడట.

సరే, ఆకులు, పెరుగు కొన్నాను. తిరిగొస్తుంటే సరిగ్గా సెంటర్లో బండి ఆగిపోయింది.

పెరుగు క్యారేజీ హుక్కుకి వేలాడుతోంది, ఫరవాలేదు. ఆకుల కట్టతోనే చిక్కొచ్చింది. కింద పెడితే ఎవరైనా తొక్కుతారు, తొక్కిన ఆకు కార్యానికి పనికిరాదు. బండిని వంచాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని కట్ట నెత్తిన పెట్టుకుని, జారకుండా దాని నారని గడ్డం కిందకి లాక్కున్నాను. మంచి ఆలోచనే అనిపించింది, అప్పటికి.

వంచాను. టీ కొట్టు దగ్గరి పెద్దమనుషులు లేచి వచ్చారు. "అటు కాదు, ఇటు వంచు" అన్నాడొకాయన. "చోక్ లాగు" అన్నాడింకొకాయన. మూడో ఆయన బండి వైపు కూడా చూడకుండా, తనకి కట్నంలో ఇచ్చిన చేతక్ గురించి మొదలుపెట్టాడు. స్కూటర్ ముందు ఇచ్చారట, గడియారం ఇస్తామని ఇవ్వలేదట. ఆ గడియారం సంగతి నలభై ఏళ్ళ తరవాత, నెత్తిన అరిటాకులతో, ఒంటికాలి మీద నిలబడి నేను వినాల్సి వచ్చింది.

ఎనిమిదో కిక్కుకి, ఒట్టు, నాకు తెలీకుండానే నోట్లోంచి "గోవిందా!" అని వచ్చేసింది.

"గోవింద!" అన్నారు పెద్దమనుషులంతా, అలవాటు కొద్దీ.

తొమ్మిదో కిక్కు. "గోవిందా!" "గోవింద!" వెనక రెండు లారీలు ఆగాయి. ఆటోలో ఒకావిడ చెప్పులు విడిచి దండం పెట్టి, "ఎవరు పోయారు బాబూ?" అంది.

"మా మావయ్యండీ."

"అయ్యో, ఎప్పుడు?"

"ఏడాదైందండీ."

ఆవిడ నన్ను చూసింది, ఆకుల్ని చూసింది, బండిని చూసింది. చెప్పులు వేసుకుంది.

ఇదంతా అవతల చెట్టు కింద నుంచి ఒక కానిస్టేబుల్ చూస్తూనే ఉన్నాడు. ఒక చెయ్యి వెయ్యడానికి రాలేదు గానీ, ఫోన్ పైకెత్తి ఫోటో మాత్రం తీసుకున్నాడు. ముచ్చటపడ్డాడు కాబోలు అనుకున్నాను.

చివరికి లుంగీ కట్టుకున్న ఒక ముసలాయన జనాన్ని తోసుకుని వచ్చాడు. "ఈ బండి నాకు తెలుసు. పేకాటలో రెండొందలు బాకీ" అని, సీటు కింద చెయ్యి పెట్టి పెట్రోల్ కాక్ తిప్పాడు. అత్తయ్య రోజూ పడుకోబోయే ముందు దాన్ని కట్టేస్తుందట, మావయ్య కట్టేసేవాడు కాబట్టి. కార్బొరేటర్లో మిగిలిన నాలుగు చుక్కలతో నేను అంత దూరం వెళ్ళాను. ఒక్క కిక్కుకి స్టార్టయింది. రెండొందలు ఇచ్చేశాను.

భోజనాల దగ్గర మావయ్య ఫోన్ మోగింది. దాన్ని అత్తయ్య ఇంకా రీచార్జ్ చేయిస్తూనే ఉంది. మెసేజ్ చూసి ముఖం అదోలా పెట్టి నాకిచ్చింది. హెల్మెట్ లేకుండా వాహనం నడిపినందుకు మావయ్యకి వెయ్యి రూపాయల చలానా. లింకు నొక్కితే ఫోటో. నెత్తిన అరిటాకులు, గడ్డం కింద నార, ఒక కాలు గాల్లో.

ఇంటి నుంచి హెల్మెట్ లేకుండానే బయల్దేరాను, ఒప్పుకుంటాను. కానీ ఫోటోలో ఉన్న బండి నడవడం లేదు మహాప్రభో! నడవకపోవడం వల్లే కదా అక్కడ ఉన్నాను!

అత్తయ్య చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, అప్పుడే కట్టొద్దంది. ఆయన పేరు మీద ఏదైనా వచ్చి ఏడాదైందట. ముందు ప్రింటు తీయించమంది, అదీ కలర్లో.