పీడీఎఫ్ పెడితే పాఠం అందినట్టేనా?

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక దీక్షాలో పాఠం తెరుచుకుంటుంది. చూపులేని విద్యార్థికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఉంది, తెలుగు గొంతూ ఉంది. కంప్యూటర్లో వేసుకోవడానికి అలాంటిదే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. కానీ చాలా తెలుగు పీడీఎఫ్‌లలో వాటికి చదవదగ్గ అక్షరమే ఉండదు.

ఈ లోపం పుస్తకాన్ని కంప్యూటర్లో కంపోజ్ చేసే డీటీపీ దశలోనే పుడుతోంది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు, ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ తెలియదు కాబట్టి తెలుగు అచ్చు ఏళ్లతరబడి అను వంటి ఫాంట్ల మీద నడిచింది. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తుల రూపాలను ఉంచుతాయి. కాగితం మీద చక్కని తెలుగే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు. పేజీలను స్కాన్ చేసి పెడితే ఆపాటి అక్షరాలూ ఉండవు, అంతా ఒక బొమ్మే.

దీన్ని ఏ ఉపాధ్యాయుడైనా నిమిషంలో తేల్చుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. తెలుగు వస్తే మంచిదే. గజిబిజి వస్తే చాలావరకు పాత ఫాంటు, పేరా అసలు ఎంపికే కాకపోతే స్కాన్ చేసిన బొమ్మ. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు పీడీఎఫ్‌ను కాక డీటీపీ మూల ఫైలును తీసుకోవాలి. మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలను ముందే విడదీయకపోతే మార్పిడి సాధనం వాటినీ తెలుగు సంకేతాలనుకొని చెడగొడుతుంది. స్కాన్ పేజీలకు, బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ తప్పదు. అది ధ-థ, ప-వ లాంటి జంటల దగ్గర తడబడుతుంది. రెండింటికీ ప్రూఫ్ చూసే మనిషి కావాలి. ఆ ఖర్చును మిగుల్చుకుంటే పిల్లలు తప్పులనే విని నేర్చుకుంటారు.

ఇంత శ్రమ ఒక్కసారి పడితే చాలు. అదే యూనికోడ్ ఫైలు నుంచి బ్రెయిలీ, పెద్దక్షరాల ప్రతి, ఆడియో మూడూ తీయవచ్చు. శీర్షికలను బోల్డ్ చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్‌తో గుర్తిస్తే విద్యార్థి నేరుగా కావలసిన పాఠానికి వెళ్లగలడు. పటాలకు రెండు వాక్యాల వర్ణన రాయాలి. గణిత సూత్రాలను బొమ్మలుగా కాక స్క్రీన్ రీడర్ చదవగల మ్యాథ్‌ఎంఎల్ రూపంలో ఇవ్వాలి. వినికిడి లోపం ఉన్నవారి కోసం వీడియోలకు మనిషి సరిచూసిన తెలుగు క్యాప్షన్లు ఉండాలి.

చట్టం అడ్డొస్తుందన్న సాకు లేదు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ఇలాంటి రూపాంతరాలకు అనుమతిస్తోంది. చూపులేనివారికి చదవగల రూపాల్లో పుస్తకాలు అందేందుకు కుదిరిన అంతర్జాతీయ మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. చదవలేని ఫైలును పుస్తకంగా లెక్కగట్టకూడదన్నది మా అభిప్రాయం.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ పాఠ్యపుస్తకాల కంపోజింగ్ ఒప్పందంలో ఒక షరతు చేర్చాలి: ముద్రణ పీడీఎఫ్‌తో పాటు ప్రూఫ్ చూసిన యూనికోడ్ ఫైలు అప్పగించి, స్క్రీన్ రీడర్ వాడే వారితో పరీక్షించాకే బిల్లు చెల్లించాలి.