ప్రశ్న విలేకరిది, జవాబు మరొకరికి

1996 ఏప్రిల్ 29 రాత్రి, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో, లీడ్స్ మైదానంలో న్యూకాజిల్ జట్టు 1-0తో గెలిచింది. గెలిచిన జట్టు మేనేజర్ (అక్కడ కోచ్‌ను అలాగే పిలుస్తారు) కెవిన్ కీగన్ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్కై స్పోర్ట్స్ కెమెరా ముందు నిలబడ్డాడు. మాట మొదలైన కాసేపటికే గొంతు వణికింది, వేలు కెమెరా వైపు లేచింది. దానికి కారణం టైటిల్ పోటీలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్. పన్నెండు రోజుల ముందు లీడ్స్ జట్టు పది మందితోనే యునైటెడ్‌ను ముప్పుతిప్పలు పెట్టింది. న్యూకాజిల్‌తోనూ ఇంత పట్టుదలగా ఆడతారో లేదో చూడాలన్న అర్థం వచ్చేలా ఫెర్గూసన్ ఒక మాట విసిరాడు. ఆ మాట అన్నాక అతను తన దృష్టిలో దిగజారిపోయాడని కీగన్ అన్నాడు. యునైటెడ్‌ను ఓడిస్తే తనకెంత ఆనందమో పదే పదే చెప్పాడు.

అప్పటి నుంచి ఇంగ్లండ్ పత్రికలు ఒకే కథ చెబుతున్నాయి: ఫెర్గూసన్ మాటలతో గిల్లాడు, కీగన్ అదుపు తప్పాడు, టైటిల్ చేజారింది. కథ బాగుంది. లెక్క మాత్రం కుదరదు. జనవరిలో న్యూకాజిల్‌కు ఉన్న 12 పాయింట్ల ఆధిక్యం ఏప్రిల్ వచ్చేసరికే కరిగిపోయింది. కీగన్ ఆవేశపడింది గెలిచిన రాత్రి. ఆ తర్వాత మిగిలిన రెండు మ్యాచ్‌లూ 1-1తో డ్రా అయ్యాయి. యునైటెడ్ 82 పాయింట్లతో, న్యూకాజిల్ 78తో ముగించాయి. ఆ రెండు మ్యాచ్‌లూ గెలిచి ఉంటే ఏమయ్యేది? రెండు జట్లూ 82 దగ్గర సమమయ్యేవి. గోల్స్ తేడాలో యునైటెడ్ చాలా ముందుంది కాబట్టి కప్పు అక్కడికే వెళ్లేది. అంటే ఆ ఇంటర్వ్యూలో కీగన్ ధ్యానముద్రలో కూర్చుని మాట్లాడినా ఫలితం దాదాపు అదే.

పదమూడేళ్ల తర్వాత ఇదే కథకు రెండో భాగం వచ్చింది. 2009 జనవరి 9న లివర్‌పూల్ మేనేజర్ రఫా బెనీటెజ్ విలేకరుల ముందు ఒక కాగితం తీసి, ఫెర్గూసన్ మీద ఫిర్యాదులను ‘వాస్తవాలు’ అంటూ ఒక్కొక్కటిగా చదివాడు. రిఫరీల గురించి ఫెర్గూసన్ ఏమన్నా శిక్ష పడదేమని నిలదీశాడు. అప్పుడు లివర్‌పూల్ పట్టికలో అగ్రస్థానంలో ఉంది. మర్నాడు స్టోక్‌తో 0-0 డ్రా. ఇంకేం, బెనీటెజ్ నోరే జట్టును ముంచిందని తీర్పు వచ్చేసింది. కానీ అదే స్టోక్‌తో సెప్టెంబరులో, సొంత మైదానంలో, లివర్‌పూల్ అదే 0-0 దగ్గర ఆగిపోయింది. అప్పటికి ఏ కాగితమూ లేదు. మార్చిలో యునైటెడ్‌ను వాళ్ల మైదానంలోనే 4-1తో చిత్తు చేసింది. సీజన్ మొత్తంలో ఓడింది రెండే లీగ్ మ్యాచ్‌లు. టైటిల్‌ను దూరం చేసింది డ్రాలు. బెనీటెజ్ ఉపన్యాసం కాదు.

మరి ఈ కథలు ఎందుకు నిలిచాయి? విలేకరుల గదిలో జరిగేది మైదానంలో ఫలితాన్ని మారుస్తుందంటే, ఆ గదికి విలువ పెరుగుతుంది. ఆ గదిలో కూర్చునేవాళ్లే కథలు రాస్తారు. ‘మానసిక యుద్ధం’ అనే మాటను అరగదీసింది వాళ్లే.

నా ఉద్దేశం వేరు. కోచ్ మాట ప్రత్యర్థి మీద పనిచేసే సందర్భాలు చాలా తక్కువ. అది పనిచేసేది సొంత ఇంట్లో: డ్రెస్సింగ్ రూమ్‌లో, యజమాని గదిలో. పక్క గదిలో ఉన్న కోడలి చెవిన పడాలని కూతుర్ని గట్టిగా మందలించే అత్తగారిని మన ఇళ్లలో చూడనివారు ఉండరు. విలేకరుల సమావేశం అచ్చంగా అదే. ఎదురుగా కూర్చున్న విలేకరి కూతురు పాత్రలో ఉంటాడు. అసలు వినాల్సినవాళ్లు గోడ అవతల ఉంటారు.

కోచ్‌లు అక్కడ కూర్చునేది సరదాకు కాదు. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ తన బ్రిటన్ ప్రసార హక్కులను 2025 నుంచి నాలుగు సీజన్లకు 670 కోట్ల పౌండ్లకు అమ్మింది. అంత సొమ్ము పోసినవారికి తొంభై నిమిషాల ఆట చాలదు. ముందు రోజు మాటలు కావాలి, ఆట ముగిసిన కొద్ది నిమిషాలకే, చెమట ఆరకముందే, మరికొన్ని మాటలు కావాలి. ఓడిన మనిషిని పది నిమిషాలు ఒంటరిగా వదిలేస్తే చెప్పని మాటలన్నీ ఆ కొద్ది వ్యవధిలో బయటికి వస్తాయి. ఆ ఏర్పాటు ఉద్దేశమూ అదేనని నాకు అనుమానం. దీనికి తోడు రిఫరీ మీద నోరు జారితే శిక్ష. 2011లో రిఫరీ మార్టిన్ అట్కిన్సన్‌ను విమర్శించినందుకు ఫెర్గూసన్‌కు 30,000 పౌండ్ల జరిమానా, మైదానం అంచున (టచ్‌లైన్ దగ్గర) నిలబడకుండా ఐదు మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. మాట్లాడకపోతే తప్పు, మాట్లాడితే మరో తప్పు.

ఈ సంకెళ్లను ఫెర్గూసన్ లెక్కచేసినట్టు కనిపించడు. 2004లో తన కుమారుడి వ్యాపార లావాదేవీలపై బీబీసీ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. ఆ కోపంతో ఏడేళ్లు ఆ సంస్థతో మాట్లాడలేదు. ప్రతి వారం బీబీసీ మైకు ముందుకు సహాయ కోచ్‌లు వచ్చారు. లీగ్ నిబంధనలు కఠినమయ్యాక, 2011 ఆగస్టులో బీబీసీ అధిపతి స్వయంగా వచ్చి కలిశాకే ఆ మౌనం ముగిసింది. నచ్చని ప్రశ్న అడిగిన విలేకరులకు గది తలుపులు మూసేయడం అతనికి మామూలు. అదే ఏడాది మేలో, తన జట్టు ఆటగాడు రయన్ గిగ్స్ వ్యక్తిగత జీవితం వార్తల్లో నలుగుతున్న రోజుల్లో, ఒక విలేకరి గిగ్స్ ఆట గురించి అడిగాడు. జవాబు చెప్పిన ఫెర్గూసన్, పక్కనున్న క్లబ్ ఉద్యోగి వైపు వంగి, ఆ మనిషిని శుక్రవారం రానివ్వొద్దని గుసగుసగా చెప్పాడు. మైకు ఆ గుసగుసను కూడా అందుకుంది.

దీన్ని సమర్థించలేం. ప్రశ్న అడిగినందుకు తలుపు మూసే మనిషి ఎంత గొప్ప కోచ్ అయినా బెదిరింపుదారుడే. కానీ ఫెర్గూసన్ పాటించిన ఒక నియమాన్ని గమనించాలి. తన ఆటగాళ్లను బయట తిట్టకూడదు. 2002లో ఖరీదైన ఆటగాడు హువాన్ వెరోన్ విఫలమయ్యాడని పత్రికలు రాసినప్పుడు, వెరోన్ గొప్ప ఆటగాడనీ మీరంతా మూర్ఖులనీ విలేకరుల మీద విరుచుకుపడ్డాడు. ఆ తిట్టు విన్నది విలేకరులు. దాని అర్థం చేరింది వెరోన్‌కూ, మిగిలిన జట్టుకూ. నాలుగు గోడల మధ్య అతని కోపం ఎంత భయంకరమో ఆడినవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. గడప దాటాక మాత్రం ప్రతి ఆటగాడికీ అతను గొడుగే.

జోసె మోరిన్హో ఈ విద్యను వేదిక మీది కళగా మార్చాడు. 2004 జూన్‌లో చెల్సీకి వచ్చిన రోజున తాను యూరప్ విజేతననీ, ప్రత్యేకమైనవాడిననీ నవ్వకుండా చెప్పాడు. అంతకుముందు బాబీ రాబ్సన్ దగ్గర అనువాదకుడిగా పనిచేసిన మనిషి. ఒక కోచ్ అన్న మాట మరో భాషలో ఎలా వినిపిస్తుందో, ఏ విరామానికి గదిలో కలాలు కదులుతాయో అప్పుడే చూసి ఉంటాడు. మొదటి కొన్నేళ్లు ఆ విద్య అద్భుతంగా పనిచేసింది. చర్చంతా కోచ్ చుట్టూ తిరుగుతుంటే ఆటగాళ్లు నీడపట్టున హాయిగా ఆడుకున్నారు.

దానికి దీటైన జవాబు 2011 ఏప్రిల్‌లో, మోరిన్హో రియల్ మాడ్రిడ్ కోచ్‌గా ఉన్నప్పుడు వచ్చింది. మాడ్రిడ్‌లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కు ముందు రోజు, అప్పటిదాకా మర్యాదకు మారుపేరైన బార్సిలోనా కోచ్ పెప్ గార్డియోలా, ఈ గదిలో మొనగాడు మోరిన్హోయేనని ఒక మోటు విశేషణం తగిలించి మరీ అన్నాడు. మాటల ఆటలో తాను పోటీపడనని, మైదానంలో కలుద్దామని చెప్పి వెళ్లాడు. వారం ముందు కింగ్స్ కప్ ఫైనల్లో మాడ్రిడ్ చేతిలో ఓడిన జట్టు అతనిది. మర్నాడు మెస్సీ రెండు గోల్స్‌తో బార్సిలోనా గెలిచింది. మాడ్రిడ్ ఆటగాళ్లు ఆ మాటలకు బెదిరారని నేననుకోను. మాడ్రిడ్ ఆటగాడు పెపేకు రెడ్ కార్డు పడటం, మెస్సీ మెస్సీ కావడం అసలు కారణాలు. కానీ తమ కోచ్ మొదటిసారి కొంగు నడుముకు చుట్టడం బార్సిలోనా ఆటగాళ్లు చూశారు. ఆ మాట అన్నది వాళ్ల కోసమే.

అదే కత్తి ఇంటివైపు తిరిగినప్పుడు ఏమవుతుందో మోరిన్హోయే చూపించాడు. మళ్లీ చెల్సీ కోచ్‌గా ఉన్నప్పుడు, 2015 డిసెంబర్ 14న లీసెస్టర్ చేతిలో ఓడాక, తన శ్రమకు ద్రోహం జరిగినట్టుందని కెమెరా ముందు అన్నాడు. ద్రోహం చేసిందెవరో విడిగా చెప్పనక్కర్లేదు. మూడు రోజుల్లో చెల్సీ అతన్ని సాగనంపింది. 2023 మార్చి 18న సౌతాంప్టన్‌పై 3-1 ఆధిక్యాన్ని టోటెన్‌హామ్ పోగొట్టుకుని 3-3తో ముగించినప్పుడు, ఆ జట్టు కోచ్ ఆంటోనియో కాంటే తన ఆటగాళ్లను స్వార్థపరులన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇదే యజమాని ఉన్నా ఏమీ గెలవలేదు, ఎందుకని అడిగాడు. ఎనిమిది రోజుల తర్వాత అతనూ లేడు. ఈ రెండు ఉదంతాల్లోనూ మాట వల్ల ఉద్యోగం పోయిందనడం కంటే, పోతుందని తెలిసే మాట వచ్చిందనడం నయం. కాంటే ఆ రోజు మాట్లాడిన తీరు రాజీనామా లేఖను పైకి చదివినట్టే ఉంది.

అసలు మాట్లాడకుండా ఉంటే? 1982 ప్రపంచ కప్‌లో ఇటలీ అదీ చేసింది. మొదటి మూడు మ్యాచ్‌లూ డ్రా. స్వదేశీ పత్రికలు దుమ్మెత్తిపోశాయి, పుకార్లు రాశాయి. ఎంజో బెయర్జోట్ జట్టు పత్రికలను బహిష్కరించింది. మాట్లాడే బాధ్యత కెప్టెన్ డీనో జోఫ్ ఒక్కడికే. నలభై ఏళ్ల ఆ గోల్‌కీపర్ మామూలుగానే ముత్యం రాల్చని మనిషి. ఆ తర్వాత అర్జెంటీనా, బ్రెజిల్, పోలండ్, పశ్చిమ జర్మనీలను వరుసగా ఓడించి కప్పు గెలిచారు. మౌనమే కప్పు తెచ్చిందంటే అదీ కీగన్ కథలాంటిదే. కప్పు తెచ్చినవి పావ్లో రోసీ కొట్టిన ఆరు గోల్స్. ఇప్పుడైతే అంత మౌనానికి ఒప్పందాలే ఒప్పుకోవు.

వీళ్లందరిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది మార్సెలో బియెల్సా మీద. అతను ఎవరికీ విడిగా ఇంటర్వ్యూ ఇవ్వడు. పెద్ద ఛానల్‌కు ఇచ్చి, మారుమూల ఊరి చిన్న పత్రిక విలేకరిని ఎందుకు కాదనాలన్నది అతని వాదన. అందరికీ ఒకే గది, అందరికీ అంతే సమయం. చూపు బల్ల మీద, పక్కన అనువాదకుడు, ఎంత పనికిమాలిన ప్రశ్నకైనా ఓపికగా పొడుగాటి జవాబు. 2019 జనవరిలో, లీడ్స్ కోచ్‌గా ఉండగా, ప్రత్యర్థి డెర్బీ జట్టు సాధనను చాటుగా చూసిరమ్మని క్లబ్ మనిషిని పంపిన సంగతి బయటపడింది. గగ్గోలు రేగింది. బియెల్సా హఠాత్తుగా విలేకరులను పిలిస్తే అందరూ రాజీనామా అనుకున్నారు. అతను తెర మీద స్లైడ్లు వేసి, గంటకు పైగా, ప్రత్యర్థులను తాను ఎలా అధ్యయనం చేస్తాడో పాఠం చెప్పాడు. అందరు ప్రత్యర్థుల సాధననూ చూడటానికి మనిషిని పంపానని తానే ఒప్పుకున్నాడు. లీడ్స్‌కు పడిన 2 లక్షల పౌండ్ల జరిమానా తానే కట్టానని తర్వాత చెప్పాడు. చేసింది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఎదురుగా ఉన్న విలేకరితోనే, అతనికి అర్థమయ్యేలా, నిజంగా మాట్లాడిన అరుదైన కోచ్ అతను. అంత నిజాయతీని ఏం చేసుకోవాలో గదిలో చాలామందికి తోచలేదు.

మన దగ్గర ఈ గది ఇంకా చిన్నది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్‌ను ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిపిన మనోలో మార్క్వెజ్ తర్వాత భారత కోచ్ అయ్యాడు. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0 డ్రా అయ్యాక విలేకరుల ముందు అతను సాకులు వెతకలేదు. చాలా కోపంగా, నిరాశగా ఉందన్నాడు. తన వృత్తి జీవితంలోనే అత్యంత కష్టమైన విలేకరుల సమావేశం ఇదేమోనన్నాడు. ఇంగ్లండ్‌లో అయితే ఆ మాటలను వారం రోజులు నమిలేవారు. ఇక్కడ వినాల్సిన భారత ఫుట్‌బాల్ సమాఖ్య విన్నదో లేదో తెలియకుండానే జూలైలో అతను తప్పుకున్నాడు. విజేతగా నిలిచిన ఆ క్లబ్ కూడా ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు.

మళ్లీ టోటెన్‌హామ్ దగ్గరికి. కాంటే వదిలివెళ్లిన కుర్చీలోకి ఆ వేసవిలో ఆంజ్ పోస్టెకోగ్లు వచ్చాడు. 2024 సెప్టెంబరులో ఆర్సెనల్ చేతిలో ఓడిన రోజున, రెండో సీజన్లో మామూలుగా ట్రోఫీ గెలుస్తానని గతంలో అన్నారు కదా అని టీవీ వాళ్లు గుర్తుచేశారు. అతను ఆ మాటను సవరించాడు: మామూలుగా కాదు, ఎప్పుడూ గెలుస్తాను. ఏడాదంతా ఆ మాటను పట్టుకుని ఏడిపించారు. లీగ్‌లో జట్టు 17వ స్థానానికి జారే కొద్దీ ఎగతాళి పెరిగింది. అతను వెనక్కి తీసుకోలేదు. 2025 మే 21న బిల్బావో నగరంలో మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0తో టోటెన్‌హామ్ యూరోపా లీగ్ గెలిచింది. 2008 తర్వాత ఆ క్లబ్‌కు అదే మొదటి ట్రోఫీ. పదహారు రోజుల తర్వాత, జూన్ 6న, అతన్ని తొలగిస్తున్నట్టు క్లబ్ తన వెబ్‌సైట్‌లో ఒక ప్రకటన పెట్టింది.